గ్రామసభలో లేచి మాట్లాడాలంటే: రాజకీయ నాయకత్వం వైపు అడుగేసే అమ్మాయిల ఉపన్యాస సాధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా మండల కేంద్రంలోని గ్రంథాలయం వెనక గదిలో ఏడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలతో మాట్లాడే సాధన చేయిస్తున్నాను. కావలి, ఉదయగిరి వైపు ఊళ్ల నుంచి బస్సుల్లో, షేర్ ఆటోల్లో వస్తారు. వాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, తమ ఊళ్లో ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే టీచర్లు పదే పదే అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

మా అమ్మాయికి వక్తృత్వ పోటీల్లో బోలెడు బహుమతులు వచ్చాయి. అది చాలదా?

పోటీలు మంచివే. స్టేజీ భయం సగం అక్కడే పోతుంది. కానీ అక్కడ ఎదుటివాళ్లు తిరిగి మాట్లాడరు. అయిదు నిమిషాలకు బెల్లు మోగుతుంది, చప్పట్లు కొడతారు, అయిపోతుంది. గ్రామసభలో రెండో వాక్యానికే ఎవరో ఒకరు అడ్డం వస్తారు. అక్కడ మనకు చప్పట్లతో పని లేదు. జవాబు కావాలి, అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి.

రెండేళ్ల కిందట బీకాం రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చింది. స్త్రీ సాధికారత మీద నాలుగు పేజీల ఉపన్యాసం కంఠస్థం పట్టి, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ చూపు గోడ మీది క్యాలెండర్ మీదే ఉంది, చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూనే ఉంది. అయ్యాక కూర్చోబోతుంటే అడిగాను: "మీ వీధి కుళాయికి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి?"

"మూడు రోజులకోసారి మేడమ్. అది కూడా తెల్లవారుజామున నాలుక్కి. పైనున్న నాలుగిళ్లవాళ్లు మోటార్లు పెట్టి లాగేస్తారు, మా దాకా వచ్చేసరికి ఇంత సన్నగా పడుతుంది. ఒక్క బిందె నిండటానికి పావుగంట." ఆ ధార ఎంత సన్నమో చిటికెన వేలు పెట్టి చూపించింది. చున్నీ ఎప్పుడు వదిలేసిందో తనకే తెలీదు. గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు, తను అందరి కళ్లలోకీ చూస్తోంది.

నీ ఉపన్యాసం ఇదేనమ్మా, ఆ నాలుగు పేజీలూ పక్కన పెట్టు అన్నాను. మా సాధన అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రాజకీయాల్లోకి వెళ్లే ఉద్దేశమే లేని అమ్మాయికి ఇదెందుకు?

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆ ఉద్దేశం ఉండదు. ఇంటర్వ్యూలో మాట్లాడగలగాలని వస్తారు. రానివ్వండి. తన వీధి సమస్య గురించి పదిమంది ముందు ఒకసారి మాట్లాడి, దానికి జవాబు రాబట్టిన అమ్మాయికి ఆ రోజు నుంచి పంచాయతీ ఆఫీసు వేరేగా కనిపిస్తుంది. అంతకుముందు అది నాన్న, బాబాయ్ వెళ్లే చోటు. ఇప్పుడు తను కూడా వెళ్లగల చోటు. పోటీ చేయాలన్న ఆలోచన, వస్తే, ఆ తర్వాత వస్తుంది. ముందే "నువ్వు లీడర్ కావాలి" అంటే పిల్లలు బెదిరిపోతారు.

ఎన్నేళ్లకు పోటీ చేయొచ్చు? మహిళలకు ఎన్ని సీట్లు ఉంటాయి?

వార్డు సభ్యురాలు, సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ పదవులకు 21 ఏళ్లు నిండాలి. శాసనసభకు, లోక్‌సభకు 25. శాసన మండలికి, రాజ్యసభకు 30. డిగ్రీ అయిపోయేసరికి సర్పంచ్‌గా నిలబడే వయసు వచ్చేస్తుందన్న సంగతి చాలామంది అమ్మాయిలకు మేం చెప్పేదాకా తెలీదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో కనీసం మూడో వంతు స్థానాలు మహిళలకు ఇవ్వాలని అది చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో దాన్ని సగానికి పెంచింది. తెలంగాణ 2018లో తెచ్చుకున్న పంచాయతీరాజ్ చట్టంలోనూ సగమే. అసెంబ్లీలు, లోక్‌సభలో మూడో వంతు ఇచ్చే 106వ సవరణకు 2023లో ఆమోదం దొరికింది గానీ, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో మహిళలు 74 మంది.

ఈ అంకెలకన్నా ముందు ప్రతి అమ్మాయీ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 18 నిండి ఓటు నమోదైతే అక్కడ మాట్లాడటం మీ హక్కు, ఎవరో దయతలచి ఇచ్చే అవకాశం కాదు. ఓటు కోసం 17 ఏళ్లు దాటగానే ఫారం 6తో ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా దగ్గర మొదటి రోజు చేయించే పని ఇదే.

రిజర్వేషన్ ఉంది కదా, సీటు ఎలాగూ వస్తుంది. మాట్లాడటం నేర్చుకోవడం దేనికి?

సీటు వస్తుంది. కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో మీ చుట్టుపక్కల ఊళ్లలో ఒకసారి చూడండి. బోర్డు మీద ఆమె పేరు, సంతకం ఆమెది, మీటింగులో మాట్లాడేది మాత్రం ఆయన. జనం కూడా ఆయన్నే "సర్పంచ్ గారూ" అంటారు. ఆమెకు తెలివి లేక ఇలా జరగడం లేదు. పదిమంది మగవాళ్ల ముందు నోరు తెరిచే అలవాటును చిన్నప్పటి నుంచీ మాన్పించారు, ఎన్నికల నెలలో అది తిరిగి రమ్మంటే రాదు. అందుకే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లప్పుడే మొదలుపెట్టాలని నేను పట్టుబడతాను.

తమిళనాడు గ్రామసభల్లో ఎవరేం మాట్లాడారో మాట పొల్లుపోకుండా రాసుకుని చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఆడవాళ్లు సభకు బాగానే వస్తున్నారు, కానీ మాట్లాడేది తక్కువ. మాట్లాడినా చర్చ వాళ్లు లేవనెత్తిన విషయం మీదికి మళ్లేది తక్కువ, జవాబు దొరికేది తక్కువ. పంచాయతీకి మహిళ అధ్యక్షురాలిగా ఉన్న చోట ఆడవాళ్ల మాటకు స్పందన మెరుగ్గా ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో చేసిన మరో పరిశీలనలో, రెండు విడతలు మహిళలే ప్రధాన్‌గా (మన సర్పంచ్ లాంటి పదవి) ఉన్న ఊళ్లలో ఆడపిల్లల చదువు మీద, వాళ్ల భవిష్యత్తు మీద తల్లిదండ్రుల ఆశలు పెరిగాయని తేలింది. ఆ ఆడపిల్లల సొంత ఆశలు కూడా పెరిగాయి. ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని తన నోటితో తను మాట్లాడితే, దాన్ని ఊళ్లో చిన్నపిల్లలంతా చూస్తారు.

లేచి నిలబడగానే కాళ్లు వణుకుతాయి, గొంతు ఆరిపోతుంది. ఏం చేయాలి?

ఏళ్ల తరబడి మాట్లాడుతున్న నాకు ఇప్పటికీ మొదటి నిమిషం టెన్షన్‌గానే ఉంటుంది. అది పోయేదాకా ఆగుదామనుకుంటే ఎప్పటికీ మాట్లాడలేం. రెండు పాదాలూ నేలకు ఆనించి, బరువు సమంగా వేసి నిలబడండి. నోరు తెరిచేముందు ఒక్కసారి గాలి నిండుగా వదలండి. పీల్చడం దానంతటదే జరుగుతుంది. మొదటి వాక్యం మాత్రం బట్టీ పట్టండి, మిగతాది వద్దు. ఆ మొదటి వాక్యంలో మీ పేరు, మీ వీధి, మీరు వచ్చిన పని ఉండాలి.

కాగితం చేత్తో పట్టుకుంటే వణుకు అందరికీ కనిపిస్తుంది. చిన్న నోట్‌బుక్ అయితే కనిపించదు.

సాధన ఎలా చేయిస్తారు? మా ఊళ్లో మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

ఒక గది, ఎనిమిది నుంచి పన్నెండు మంది అమ్మాయిలు, ఒక గడియారం. ఇరవై మంది దాటితే అందరికీ వంతు రాదు, వెనక కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఎప్పటికీ వెనకే ఉండిపోతారు. మైకు, స్టేజీ మొదట్లో అక్కర్లేదు.

మొదటి నెల ఒకటే పని: ఒక్క నిమిషంలో మీ వీధిలో ఉన్న ఒక్క ఇబ్బంది చెప్పండి. కరెంటు స్తంభం, బడి మరుగుదొడ్డి, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి లేని బస్సు, ఏదైనా సరే. "మా ఊళ్లో చాలా సమస్యలున్నాయి" అంటే ఆపేస్తాం. ఒక్కటే ఎంచుకోవాలి. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్లకు, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అన్నవి ఆ నిమిషంలో పట్టాలి. పట్టవని అందరూ అంటారు. నాలుగో వారానికి పడతాయి.

రెండో నెలలో గదిని గ్రామసభగా మారుస్తాం. ఒకమ్మాయి సర్పంచ్, ఒకమ్మాయి పంచాయతీ కార్యదర్శి, మిగతావాళ్లు ఊరి జనం. ఒకరు మధ్యలో ఫోన్ మాట్లాడతారు, ఒకరు పాత గొడవ తవ్వుతారు, ఒకరు "కూర్చోమ్మా, తర్వాత చూద్దాం" అంటారు. ఈ పాత్రలు వేయడానికి పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, చూసి చూసి ఉన్నారు. మాట్లాడే అమ్మాయి చివర్లో ఒక్కటి సాధించాలి: "ఈ విషయం తీర్మానంగా రాయండి" అని అడిగి, రాసేదాకా నిలబడటం. కార్యదర్శి పాత్ర వేసిన అమ్మాయి నిజంగానే పుస్తకంలో రాస్తుంది, పైకి చదువుతుంది. తన మాట కాగితం మీద తీర్మానంగా వినిపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

తప్పులు చెప్పే పద్ధతి గురించి కూడా ఒక మాట. మాట్లాడిన వెంటనే పదిమందీ పది లోపాలు చెబితే ఆ అమ్మాయి మరుసటి వారం రాదు. నా మొదటి ఏడాది అలాగే నలుగురు ఆగిపోయారు, ఆ తప్పు నాదే. ఇప్పుడు ఒక్కరే చెబుతారు, ఒక్కటే చెబుతారు, ఆ ఒక్కటీ సరిచేసుకుని అప్పటికప్పుడే మళ్లీ మాట్లాడనిస్తాం. రెండోసారి మాట్లాడటం చాలా ముఖ్యం. బాగా మాట్లాడాననే గుర్తుతో ఇంటికి వెళ్లాలి.

మూడో నెలలో సొంత ఊరి గ్రామసభకు వెళతారు, తోడుగా మాలో ఇద్దరు వెళతాం. తేదీ కార్యదర్శిని అడిగితే చెబుతారు, చాటింపు కోసం ఎదురుచూడకండి.

మాట్లాడటానికి వివరాలు, అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

సగం మీ కళ్ల ముందే ఉంటాయి. వీధిలో కుళాయిలెన్నో, వెలగని లైట్లెన్నో ఒక సాయంత్రం నడిచి లెక్కపెట్టొచ్చు. మీరు లెక్కపెట్టిన అంకెను ఎవరూ కాదనలేరు.

డబ్బు సంగతికి ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్ చూడండి. మీ పంచాయతీ ఆ ఏడాది ఏ పనులు ప్రణాళికలో పెట్టింది, ఆర్థిక సంఘం నిధులు ఎంత ఖర్చయ్యాయి అన్నవి ఫోన్‌లోనే కనిపిస్తాయి. అక్కడ దొరకనిదాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మన దగ్గర గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కావలసిన కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. "అన్ని వివరాలూ ఇవ్వండి" అంటే ఏదీ రాదు.

అన్నీ ఏకరువు పెట్టొద్దు. ఒక ప్రసంగంలో రెండు అంకెలు చాలు.

మధ్యలో అడ్డుపడి కూర్చోమంటే?

కుళాయి అమ్మాయి సంగతి చెబుతాను. మూడో నెలలో వాళ్ల ఊరి సభ. బడి వరండాలో జరిగింది. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు పక్కన మెట్ల మీద, కొంతమంది వేపచెట్టు కింద నిలబడి. తను మెట్ల మీది నుంచి లేచింది. పేరు, వీధి చెప్పింది. మోటార్ల మాట ఎత్తగానే ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "నీకెందుకమ్మాయ్ ఇవన్నీ, మీ నాన్నను పంపించు" అన్నాడు. నలుగురు నవ్వారు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో గదిలో పదిసార్లయినా చేసి చూశాం: ఆగు, కూర్చోవద్దు, గొంతు పెంచొద్దు, ఆపిన చోటి నుంచే అందుకో. తను ఆగింది. నాకైతే గుండె దడదడలాడింది. తర్వాత, "నాన్న పనికి పోయాడండీ. నీళ్లు పట్టేది నేను" అంది. వెంటనే తను వదిలిన వాక్యాన్ని ఎత్తుకుంది: "మా వీధిలో ఇరవై రెండిళ్లు. నాలుగు మోటార్లు." ఈసారి మెట్ల మీది ఆడవాళ్లు "అవును, నిజమే" అన్నారు. అంతవరకూ వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. మోటార్లు తీయించాలని ఆ రోజు తీర్మానం రాశారు. రెండు తీశారు. మిగతా రెండింటి కోసం తను ఇంకా అడుగుతూనే ఉంది.

పెద్దాయనతో వాదనకు దిగి ఉంటే సభ ఆ వాదన చూసి ఇంటికెళ్లేది, నీళ్ల మాట పోయేది.

ఊళ్లో అందరూ వరసైనవాళ్లే. సభలో బాబాయ్, పెదనాన్న అని పిలవొచ్చా?

చాలా మంచి ప్రశ్న, దీని మీద మా గదిలో ఎప్పుడూ వాదన నడుస్తుంది. నా అభిప్రాయం ఇది: సర్పంచ్‌ను, కార్యదర్శిని హోదాతో పిలవండి. "సర్పంచ్ గారూ" అన్నప్పుడు మీరు ఓటరుగా అడుగుతున్నారు. "బాబాయ్" అన్న మరుక్షణం ఆ ఇంటి పిల్ల అయిపోతారు, పిల్లకు జవాబు చెప్పక్కర్లేదు. సభ అయ్యాక బయట బాబాయ్ అనండి, ప్రేమలేం తగ్గవు. కూర్చున్న ఆడవాళ్లను మాత్రం "అక్కా, అత్తా, పిన్నీ" అనే పలకరించండి. వాళ్ల మద్దతు మీకు కావాలి, అది వరసల్లోనే దొరుకుతుంది.

వాళ్లు మిమ్మల్ని "నువ్వు" అన్నా మీరు "మీరు" అనే మాట్లాడండి.

మాది పల్లెటూరి యాస. మార్చుకోవాలా?

అక్కర్లేదు. ఓటేసేవాళ్లు మాట్లాడేది ఆ యాసే. నేను మార్పించేది వేరే మాటలు. "నాకు పెద్దగా తెలీదు గానీ", "తప్పయితే క్షమించండి", "చిన్న విషయమే అనుకోండి" అని మొదలుపెడతారు చూడండి, అవి. మన మాటను మనమే ముందుగా తగ్గించి ఇస్తే ఎదుటివాళ్లు ఇంకా తగ్గించి తీసుకుంటారు.

మైకు వాడటం ఎలా?

నోటికి బెత్తెడు దూరంలో, గడ్డం ఎత్తున పట్టుకోండి. తల తిప్పితే మైకు కూడా తిరగాలి. మగవాళ్ల ఎత్తుకు పెట్టిన స్టాండును మీ ఎత్తుకు దించుకున్నాకే మొదలుపెట్టండి. మునివేళ్ల మీద నిలబడి మాట్లాడొద్దు. సభ మీకోసం పది సెకన్లు ఆగుతుంది.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. "ఆడపిల్లకు రాజకీయాలేంటి, రేపు సంబంధాలు రావు" అంటున్నారు.

ఆ భయాన్ని కొట్టిపారేయను, నేనూ ఒక ఆడపిల్ల తల్లినే. అమ్మను ఒక ఆదివారం తీసుకురమ్మంటాను. చాలామంది అమ్మలు డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లే. బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుని అప్పు గురించి మాట్లాడినవాళ్లు, కిస్తీ కట్టనివాళ్లతో గ్రామ సంఘం మీటింగులో వాదించినవాళ్లు. కూతురు చేస్తున్నది తను పదిహేనేళ్లుగా చేస్తున్న పనేనని ఆమెకు చూడగానే అర్థమవుతుంది. నాన్నతో ఆమె మాట్లాడుకుంటుంది. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరేలా సమయం పెట్టడం, ఒక ఊరి అమ్మాయిలు ఒకే ఆటోలో వచ్చేలా చూడటం కూడా సగం అభ్యంతరాలను తీర్చేస్తాయి.

వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా?

సాధన వీడియోలు ఎవరివి వాళ్ల ఫోన్‌లోనే ఉండాలి, ఇది మా గదిలో మొదటి నియమం. సభలో మాట్లాడినదాన్ని పెట్టాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. పెడితే కింద చెత్త కామెంట్లు వస్తాయని ముందే చెబుతాం. ఒక్కరే కూర్చుని చదువుకోవద్దు. బెదిరింపులు, మార్ఫింగ్ ఫొటోలు వస్తే స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే తీసుకుంటారు.

మనవాళ్లలో ఎవరి గురించి చెప్పాలి?

నేను మొదట దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ చెబుతాను. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు దాదాపు పన్నెండేళ్లు. దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయన్ను కలుసుకోవాలని పట్టుబట్టి, డబ్బు పోగుచేసి, సభ ఏర్పాటు చేసింది. ఆయన హిందీ మాటలను తెలుగులో చెప్పింది కూడా ఆమే. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది మహిళల్లో ఒకరయ్యారు. పన్నెండేళ్ల పిల్ల తన గురించి కాక, మాట్లాడే వీలు లేని ఆడవాళ్ల కోసం నోరు విప్పిందన్న సంగతి మా అమ్మాయిలకు బాగా పడుతుంది.

మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాటంలో చిన్న వయసులోనే ఊరూరా పాటలతో, ఉపన్యాసాలతో జనాన్ని కదిలించారు. తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో శాసనసభకు గెలిచారు. ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు గెలిచిన ఈశ్వరీబాయి, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి అయిన తొలి మహిళ టి.ఎన్. సదాలక్ష్మి ఇద్దరూ దళిత స్త్రీలే. వాళ్ల గురించి పాఠ్యపుస్తకాల్లో చదివామని మా గదిలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అందుకే నేను ఇంకాస్త గట్టిగా చెబుతాను.

మా నెల్లూరు జిల్లావాళ్లకు దూబగుంట ఊరు ఉండనే ఉంది. 1992లో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణాల మీద కదిలారు, అందులో రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లలో ఎవరికీ ఉపన్యాసం ఇవ్వడం రాదు. భర్త ఎక్కడ కొంటున్నాడు, ఎంత తాగుతున్నాడు, ఇంట్లో ఏం మిగులుతోంది అన్నవి చెప్పడం వచ్చు.

అబ్బాయిలను రానిస్తారా?

మొదటి రెండు నెలలు లేదు. మూడో నెలలో గ్రామసభ ఆటకు పిలుస్తాం, వినడం వాళ్లకూ అలవాటు కావాలి కాబట్టి.

ఎంతకాలం పడుతుంది?

మూడు నెలల్లో ఒక అమ్మాయి తన ఊరి సభలో మూడు నిమిషాలు నిలబడగలదు. పోటీకి దిగాలనుకునేవాళ్లు రెండు, మూడేళ్లు వరసగా ప్రతి సభకూ వెళ్లాలి, ప్రతిసారీ ఏదో ఒకటి అడగాలి. కుళాయి అమ్మాయికి వచ్చే ఏడాది 21 నిండుతాయి. పోయిన ఆదివారం కొత్తగా వచ్చిన నలుగురికి సాధన తనే చేయించింది. మొదటి ప్రశ్న నేను అడిగినట్టే అడిగింది: మీ వీధికి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి?